తెరేసమ్మకు మిగిలిన ఒక్క మాట

మరియదాసు చెంచాను భార్య పెదవుల దాకా తీసుకెళ్ళాడు. మెత్తగా పిసికిన పప్పన్నం, పైన కాస్త నెయ్యి, పసిపిల్లలకు పెట్టేలాంటి ముద్ద. చెంచా అంచు తగలగానే తెరేసమ్మ పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంది.

"బోలెడు," అంది.

"ఏం బోలెడే? పొద్దుట్నించీ ఏం తిన్నావని బోలెడు?"

"బోలెడు."

"ఒక్క ముద్ద తెరేసా. ఒక్కటంటే ఒక్కటి. నా మాట విను."

"బోలెడు, బోలెడు," అంటూ ఎడమచేత్తో గిన్నెను నెట్టేసింది. అన్నం దుప్పటి మీదా అతని లుంగీ మీదా పడింది. మరియదాసు మెతుకులు ఏరి గిన్నెలో వేసుకుని, ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

విజయవాడ వన్ టౌన్‌లో కొండ మీదికి ఎక్కే మెట్ల దారిలో ఉంటుంది వాళ్ళ రెండు గదుల ఇల్లు. తెరేసమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మొత్తం పోయింది. భర్త పేరు రాదు, కూతురు పేరు రాదు, పుట్టినప్పటినుంచి చెప్పుకున్న జపం రాదు. నోరు తెరిస్తే 'బోలెడు' ఒక్కటే వస్తుంది. దాహమైనా అదే, దోమ కుట్టినా అదే. తలలో మాటలుండే చోట దెబ్బ తగిలితే ఒక్కోసారి ఇలా ఒక్క మాట మిగులుతుందట. ఏ మాట మిగులుతుందో, అదే ఎందుకు మిగిలిందో ఎవరూ చెప్పలేరని పెద్దాసుపత్రిలో డాక్టరు గారు అన్నారు.

మాట పోయినందుకు వాళ్ళు అంతగా బెంబేలు పడలేదు. తిండి మానేసినందుకు పడ్డారు. ఇంటికి తెచ్చినప్పటినుంచి మంచినీళ్ళూ, పొద్దున రెండు గుక్కల టీ తప్ప ఆమె ఏదీ ముట్టలేదు.

"గొంతు బాగానే ఉందమ్మా," అన్నారు డాక్టరు గారు కూతురు కృపతో. "నీళ్ళు తాగితే పొలమారట్లేదు. మెత్తటి అన్నం కూడా మింగగలరు. మింగడం లేదు, అంతే."

"ఏం చెయ్యమంటారండీ?"

"సోమవారం దాకా చూడండి. అప్పటికీ నోటితో తినకపోతే మళ్ళీ ముక్కులోంచి గొట్టం వేద్దాం. మొన్న వేసినదాన్ని లాగేసుకున్నారు కదా. ఈసారి ఆ ఎడమ చెయ్యి మంచానికి కట్టాల్సి వస్తుంది. వేరే దారి లేదు."

ఆటో ఎక్కాక మరియదాసు, "ఆమెకున్నది ఒక్క చెయ్యే కదే. అదీ కట్టేస్తారా?" అన్నాడు. కృప ఒక ల్యాబు తరఫున వార్డులు తిరిగి రక్తం తీసే పిల్ల. చెయ్యి కట్టిన రోగుల్ని రోజూ చూస్తుంది. వాళ్ళు కట్టు వైపు ఎలా చూస్తారో ఆమెకు తెలుసు.

నేను పెద్ద పొయ్యిలు బాగుచేసేవాణ్ణి. హోటళ్ళవీ, కల్యాణమండపాలవీ బర్నర్లు నా చేతికి వస్తాయి. తెరేసమ్మ పొయ్యి కూడా చాలా ఏళ్ళు నేనే చూశాను. అలా ఆమె నాకు తెలుసు.

గోడౌన్ల వెనక సందులో, రేకుల పంచ కింద ఆమె ముఠా కూలీలకు అన్నం వండేది. మిరపకాయ బస్తాలు, బెల్లం దిమ్మలు, పప్పు మూటలు ఎత్తి దించే మనుషులు. వాళ్ళ ఆకలి మామూలు ఆకలి కాదు. బోర్డు లేదు, బల్లలు లేవు, కింద పట్టాలు పరిచి వరసగా కూర్చోబెట్టేది. ఒక పప్పు, ఒక కూర, పులుసు, మజ్జిగ. ఏదైనా ఒక రోజు మెత్తళ్ళ చేపలు దొరికితే ఆ రోజు సందు చివరిదాకా వాసన వచ్చేది.

పని అంటే ఆమెది. గుండిగలో ఎసరు మరిగే చప్పుడు విని బియ్యం ఎప్పుడు పొయ్యాలో చెప్పేది. పొయ్యి మంట పసుపు రంగుకు తిరిగితే నాకు కబురు పంపేది కాదు, తనే బర్నరు విప్పి, పిన్నీసుతో రంధ్రాలు పొడిచి, మళ్ళీ బిగించేది. తన వల్ల కాకపోతేనే పిలిచేది. నేను వెళ్ళేసరికి విప్పిన మరలన్నీ పళ్ళెంలో వరసగా పెట్టి ఉండేవి. అలాంటి మనుషుల దగ్గర పనిచేయడం నాకు ఇష్టం. పక్షవాతం వచ్చిన రోజు కూడా ఆమె గంజి వారుస్తూనే కూలబడింది. పడేముందు గుండిగను గోడకు ఆనించింది. ఒక్క మెతుకు కింద పడలేదు. ఆ రోజు కూలీలు ఆ అన్నమే తిన్నారు, ఆమెను ఆసుపత్రికి పంపి.

ఆమెది పామర్రు దగ్గర ఒక పల్లె. తల్లి శౌరమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళేది. ఆ రోజుల్లో ఊరి బయట పాలెం వాళ్ళకు ఆసామి ఇంటి గిన్నెలో పెట్టేవాళ్ళు కాదు. ఎవరి బోలె వాళ్ళు తెచ్చుకోవాలి. బోలె అంటే మట్టి గిన్నె, వెడల్పు మూతి, లోతు తక్కువ. మధ్యాహ్నం దొడ్డివైపు వరసగా కూర్చుంటే పైనుంచి గంజన్నం పోసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. చారెడు, దోసెడు, గంపెడు ఎలాగో బోలెడు కూడా అలాగే. బోలె నిండితే బోలెడు. అది ఒక కొలత, అంతకన్నా ఏమీ లేదు.

తర్వాత అల్యూమినియం వచ్చింది, స్టీలు వచ్చింది, మట్టి గిన్నెలు పోయాయి. మాట మాత్రం గిన్నెను వదిలేసి ఒక్కటే బతికింది. ఇప్పుడు బోలెడు పని అంటాం, బోలెడు జనం, బోలెడు ఖర్చు అంటాం. తొందరలో 'బోల్డు' అని నోట్లోనే నలిపేస్తాం. లెక్కకు అందనంత అని అర్థం. ఒక చిన్న మట్టి గిన్నెలో పట్టేది లెక్కకు అందనంతగా ఎలా పెరిగిందని ఒకసారి బర్నరు బిగిస్తూ నేనే అన్నాను. తెరేసమ్మ నవ్వింది.

"మా అమ్మ తాగేదా, తాగకుండా ఇంటికి తెచ్చేది. దాన్ని మేం ముగ్గురు పిల్లలం పంచుకునేవాళ్ళం. ముగ్గురికి సరిపోయిందంటే బోలెడు కాక ఏంటి సుబ్బారావూ?"

ఆమె నోట ఆ మాట రోజంతా వినిపించేది. ఆలస్యంగా వచ్చినవాడు గుమ్మం దగ్గర నిలబడి, "ఉందా అమ్మా?" అని అడిగితే, "బోలెడుందిరా, కూర్చో," అనేది. గుండిగ మూతి ఎప్పుడూ తనవైపే వంచి ఉంచేది కాబట్టి లోపల ఎంతుందో ఎవరికీ కనిపించేది కాదు. నేను పొయ్యి పక్క నుంచి చూసేవాణ్ణి. చాలాసార్లు అడుగున కాస్తే ఉండేది. లేదన్న మాట వింటే కూలివాడు మొహమాటపడి సగం కడుపుతో లేస్తాడు, సగం కడుపుతో బస్తా ఎత్తితే నడుం పడుతుంది అనేది. ఆ మాటను ఆమె గరిటెలాగే వాడేది, పని జరగడానికి.

ఇప్పుడు అదే మాటతో ఇంట్లోవాళ్ళు కుస్తీ పడుతున్నారు.

పక్కింటి వెంకటరత్నమ్మ రోజూ వచ్చి అర్థాలు చెప్పేది. "అన్నయ్యగారూ, సాగదీసి అందంటే నీళ్ళు. రెండుసార్లు టకటకా అందంటే ఫ్యాను. నాకు పట్టుబడింది."

అంతలో తెరేసమ్మ సాగదీసి, "బోలెడూ," అంది. వెంకటరత్నమ్మ పరుగున గ్లాసు తెచ్చింది. తెరేసమ్మ ఆ గ్లాసును చూసి, వెంకటరత్నమ్మను చూసి, కళ్ళు మూసుకుంది.

"ఫ్యానేమోలే," అంది వెంకటరత్నమ్మ.

అన్నం దగ్గర అనే 'బోలెడు' మాత్రం అందరికీ ఒకలాగే వినిపించింది. చాలు, నాకొద్దు, ఇక చాలు. బతుకే చాలంటోందని మరియదాసు అనుకున్నాడు. బయటికి అనలేదు కానీ, ఆ ఆలోచన వచ్చిన రోజునుంచి అతనికీ ముద్ద దిగడం మానేసింది. గోడౌను కాపలాకు వెళ్ళడం మానేశాడు. టీలో బన్ను ముంచుకుని రోజు గడిపేవాడు.

శనివారం కృప తండ్రిని కూర్చోబెట్టి అడిగింది. "నాన్నా, అమ్మకు ఏమిష్టం? అది వండి పెడదాం."

"గోంగూర."

"గోంగూర నీకిష్టం."

"చేపల పులుసు చేస్తే బాగా..."

"అదీ నీకే. నీకు చేసేది. తను ఏం తినేది?"

"వండిందే తినేది," అన్నాడు మరియదాసు చివరికి.

"ఎప్పుడు తినేది? ఎక్కడ కూర్చుని తినేది?"

"నువ్వు కూతురివి. నీకు తెలీదా?"

"నేను చదువంతా హాస్టల్లోనే కదా నాన్నా. సెలవులకొస్తే నాకు పెట్టేది. నేను తిని పడుకునేదాన్ని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచం మీద తెరేసమ్మ వింటూనే ఉంది. చెప్పగలిగితే ఒక్క ముక్కలో చెప్పేసేది. పెదవులు కదిలాయి. కృప పరుగున దగ్గరికెళ్ళి చెవి పెట్టింది. వచ్చింది ఆ మాటే. అనగానే తెరేసమ్మకు తన మీద తనకే కోపం వచ్చి, బాగున్న చేత్తో మంచం పట్టెను కొట్టింది. కృప వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ సాయంత్రం గోంగూర చేశారు, పులుసు చేశారు, అటుకులు పాలల్లో నానబెట్టారు. అన్నీ వెనక్కి వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం ముఠా మనుషులు వచ్చారు, ఫిన్నీ ముందు, వెనక డేనియల్, ఇంకా అరడజను మంది. ప్రార్థన అయి గుడి నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కొందరు, బస్తాల దిగుమతి ముగించుకుని చెమటతో వచ్చినవాళ్ళు కొందరు. బర్నరు గురించి అడగడానికి వచ్చినట్టు నేనూ వెళ్ళాను, నిజానికి చూడటానికే. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి ఫిన్నీ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఫిన్నీ ఎక్కడ కూర్చుంటే అక్కడ నవ్వు పుట్టించే మనిషి.

"అత్తా, ఒక్క మాటతో ఇల్లంతా పరిగెత్తిస్తన్నావంట గదా. మా మేస్త్రికి నూరు మాటలున్నాయి, ఒక్కడూ కదలడు."

తెరేసమ్మ ముఖంలో ఎడమ సగం నవ్వింది.

"బోలెడు," అంది, ఫిన్నీ పొట్ట వైపు చూస్తూ.

"తినలేదమ్మా, లేదు. నీ పొయ్యి ఆరిపోయాక బండి మీద పలావు తింటన్నాం. అన్నానికి అన్నం అంటుకోదు. పలావో, గులకరాళ్ళో వాడికే తెలవాలి."

భోజనం వేళకు వచ్చిన మనుషుల్ని పంపడం ఆ ఇంట్లో లేదు. కృప అటక మీంచి తల్లి పెద్ద తపేలా దించింది. బియ్యం ఎన్ని పోయాలో తెలియక చేతిలో డబ్బా పట్టుకుని నిలబడిపోతే ఫిన్నీ వెళ్ళి సాయం పట్టాడు. వెంకటరత్నమ్మ తన ఇంట్లోని దోసకాయ పప్పు గిన్నెతో సహా తెచ్చింది. "ఊరికే తెచ్చాననుకోకండి, గిన్నె తోమి ఇవ్వాలి," అంది. గోడవార వరసగా, మంచానికి ఎదురుగా అందరూ కూర్చున్నారు. మరియదాసూ కృపా వడ్డన అందుకున్నారు.

తిండి మొదలయ్యాక గదిలో చప్పుడు తగ్గింది. కాసేపటికి మంచం మీంచి గట్టిగా వినిపించింది.

"బోలెడు!"

కృప గరిటె వదిలేసి వచ్చింది. "ఏంటమ్మా? నొప్పా?"

తెరేసమ్మ ఆమెను చూడలేదు. ఎడమచెయ్యి ఎత్తి వరసలో ఒక మూలకు చూపిస్తోంది. అక్కడ డేనియల్ కంచం ఖాళీగా ఉంది. డేనియల్ అడిగి పెట్టించుకునే మనిషి కాదు. తలవంచుకుని పప్పు అంటిన వేలు నాక్కుంటున్నాడు.

"వాడికి పెట్టమంటంది," అన్నాడు ఫిన్నీ.

కృప పెట్టింది. తెరేసమ్మ చూపు పక్క కంచానికి జరిగింది. మళ్ళీ అదే మాట, ఈసారి నెమ్మదిగా. మజ్జిగ. ఆ తర్వాత ఇంకొకడు. ఆమె కళ్ళు ఒక కంచం మీంచి ఇంకో కంచం మీదికి వెళ్తున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె కళ్ళు అలా పనిచేయడం వాళ్ళు చూడలేదు. తినేవాళ్ళు పరీక్షలో కూర్చున్నట్టు తిన్నారు.

అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. కృప విడిగా మెత్తగా పిసికి ఉంచిన అన్నం తీసుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది. తెరేసమ్మ ఆ గిన్నెను పక్కకు నెట్టింది. మరియదాసు కళ్ళు మూసుకున్నాడు. కానీ ఆమె చెయ్యి అక్కడ ఆగలేదు. తపేలా వైపు చాపి, వేళ్ళు ఆడించింది.

"ఇదా? ఇందులో అడుగున మాడిందే ఉందమ్మా," అంది కృప.

"తెమ్మంటంటే తేవే," అన్నాడు మరియదాసు.

తపేలా మంచం మీద పెట్టారు. తెరేసమ్మ దాన్ని వంచి లోపలికి చూసింది. వరసలో కంచాలన్నీ ఎత్తేశారో లేదో ఇంకోసారి చూసుకుంది. తర్వాత ఎడమచెయ్యి లోపల పెట్టింది. పెట్టి, ఆగిపోయింది. ఎడమచెయ్యి. ఇంతమంది మనుషులు. తల పైకెత్తి మావైపు చూసింది.

"లేవండ్రా," అన్నాడు ఫిన్నీ. "చేతులు కడుక్కున్నారు గదా, ఇంకా ఇక్కడేం పని? పదండి, మెట్ల మీద గాలొస్తది."

అందరం బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. కింద సందులో తోపుడు బండ్లు వెళ్తున్నాయి. తలుపు వెనక తపేలా మంచం పట్టెకు తగిలి చిన్నగా మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. కృప చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"తింటందా?" అన్నాడు మరియదాసు.

"తింటంది."

"చూశావా?"

"చూడలేదు. వినిపిస్తంది."

మరియదాసు తలుపు వైపు చూశాడు. "ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నానురా ఫిన్నీ. అది తింటుంటే నేను ఒక్కసారీ చూడలేదు."

"మేం మాత్రం చూశామా మామా? తినడం, లేవడం, బండి కాడికి పోవడం."

త్యాగం అని వెంకటరత్నమ్మ ఏదో అనబోయింది. నాకు అలా అనిపించలేదు. వండిన మనిషి ముందు తింటే ఎవరికి తక్కువ పడిందో తెలియదు. పొయ్యి ఆర్పేవాడు చివర ఉండాలి, గ్యాసు కట్టేసిందీ లేనిదీ చూసుకుని వెళ్ళాలి. అది పని పద్ధతి. ఆమె చెయ్యీ కాలూ మాటా పోయినా ఆ పద్ధతి పోలేదు. దానికి అడ్డం పడి వీళ్ళు వేళకంటే ముందు, అందరికంటే ముందు, ప్రేమగా ఆమె నోట్లో ముద్ద కూరుతున్నారు. ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదని ఆమె చెబుతూనే ఉంది, చెప్పడానికి మాటే లేదు.

లోపలికి వెళ్ళి చూస్తే అడుగున సగం అలాగే ఉంది, ఇంకా తినని తండ్రీకూతుళ్ళకు మిగిల్చినట్టు. నాలుగైదు ముద్దలు తిని ఉంటుంది. నాలుగైదు ముద్దలతో మనిషి బతకదు. ముఠా మనుషులు మళ్ళీ వస్తామన్నారు, కానీ పని మనుషులు, పూటపూటా ఎక్కడ వస్తారు? వాళ్ళు వెళ్ళిపోయాక ఇంట్లో భయం మళ్ళీ వచ్చి కూర్చుంది. తెల్లవారితే సోమవారం.

పొద్దుగూకే వేళకు కృప మళ్ళీ వండింది, అదే తపేలాలో. నన్ను కూడా ఉండమన్నారు. మంచానికి ఎదురుగా ముగ్గురం కూర్చున్నాం. తపేలా తల్లి పక్కనే పెట్టి కృప కంచాలు పెట్టింది. నేను తిన్నాను. కృప గబగబా తినేసి కంచం తల్లికి చూపించింది. తెరేసమ్మ ఆ కంచం చూసి, నా కంచం చూసి, మొగుడి కంచం దగ్గర ఆగింది.

మరియదాసు అన్నం కలిపాడు కానీ నోటి దాకా పోవడం లేదు. ఒక ముద్ద పెట్టుకున్నాడు. అది నోట్లోనే తిరిగింది. మంచినీళ్ళతో దించి, మిగిలిన అన్నాన్ని కంచం అంచుకు నెట్టి, అయిపోయిందన్నట్టు చెయ్యి విదిలించాడు.

"బోలెడు," అంది తెరేసమ్మ.

"నాకు చాలే. ఇక నువ్వు తిను."

ఆమె చెయ్యి తపేలా అంచు మీదే ఉంది. లోపలికి పోలేదు.

"నాన్నా, తిను," అంది కృప.

"దిగట్లేదే."

"దిగకపోతే రేపు అమ్మ చెయ్యి కడతారు."

మరియదాసు తల వంచుకున్నాడు. అంచుకు నెట్టిన అన్నం మళ్ళీ మధ్యకు లాక్కున్నాడు. ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, నమిలి, కళ్ళు గట్టిగా మూసి మింగాడు. ఇంకొకటి. పప్పులో కన్నీళ్ళు పడుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. తెరేసమ్మ ప్రతి ముద్దా చూస్తోంది. కంచం ఖాళీ అయ్యాక ఎత్తి ఆమెకు చూపించాడు. ఆమె కంచాన్ని చూసింది, ఎముకలు తేలిన అతని మెడను చూసింది, తల అడ్డంగా ఊపింది.

"కృపా," అన్నాడు మరియదాసు, కంచం కూతురి వైపు జరుపుతూ, "ఇంకొంచెం పెట్టమ్మా."

కృప తల్లి పక్కనుంచి తపేలా వంచి అన్నం పెట్టింది, పులుసు పోసింది. మరియదాసు కలుపుకోవడం మొదలుపెట్టాడు.